అమెరికా కళాశాలలో ఫుట్‌బాల్ కోచ్‌గా మొదటి ఏడాది: గోదావరి డెల్టా నుంచి వెళ్లేవారికి ఒక మార్గదర్శిని

కాకినాడ, రాజమహేంద్రవరం, భీమవరం, అమలాపురం, నరసాపురం ప్రాంతాల్లో వ్యాయామ విద్య చదివి, ఫుట్‌బాల్ శిక్షణలో లైసెన్సు సంపాదించి, అమెరికా కళాశాలల్లో సహాయ కోచ్‌గా చేరాలనుకునే యువతీయువకుల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. మన డెల్టాలో ఇంజనీరింగ్ చదువుకు వెళ్లేవారికీ, గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లేవారికీ దారి చెప్పగల అనుభవజ్ఞులు ప్రతి ఊళ్లోనూ దొరుకుతారు. మైదానంలో పనిచేయడానికి వెళ్లేవారికి మాత్రం అటువంటి తోడు దాదాపు లేదు. అమెరికాలో మన ఆటను సాకర్ అంటారు కాబట్టి ఉద్యోగ ప్రకటనలను ఆ పేరుతోనే వెతకాలి.

మొదటే ఒక విషయం చెప్పాలి. మన కళాశాలల్లో పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారు అంటే మైదానానికి సున్నం గీతలు వేయించడం దగ్గర నుంచి బంతికి గాలి కొట్టడం, జట్టును ఎంపిక చేయడం, దెబ్బ తగిలితే ఐసు పెట్టడం, హాజరు కోసం లెక్చరర్లను బతిమాలడం, బస్సు టిక్కెట్లు కొనడం దాకా అన్నీ తానే చూసుకునే మనిషి. అమెరికా కళాశాలలో ఈ పనులన్నీ వేర్వేరు మనుషుల చేతుల్లో, వేర్వేరు కార్యాలయాల్లో, రాతపూర్వకమైన నిబంధనల కింద ఉంటాయి. కొత్తగా వెళ్లినవారిని ఇబ్బంది పెట్టేది చలి, తిండి, భాష అని అందరూ అనుకుంటారు గాని, నా అభిప్రాయంలో అన్నిటికంటే కష్టం ఈ అధికార విభజనకు అలవాటుపడడమే. ఏ పని మీది, ఏ పని మీది కాదు అన్నది మొదటి రెండు నెలల్లో తెలుసుకోగలిగితే మిగిలిన సర్దుబాట్లు తేలికవుతాయి.

బయలుదేరే ముందు

డెల్టా నుంచి వెళ్లే యువ కోచ్‌కు ఆచరణలో దొరికే దారి చాలావరకు ఒక్కటే. ఏదైనా విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ కోర్సులో చేరి, ఎఫ్-1 విద్యార్థి వీసా మీద అక్కడి జట్టుకు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ కోచ్‌గా పనిచేయడం ఆ దారి. ఇందులో ఫీజు మొత్తమో కొంత భాగమో మాఫీ అవుతుంది, నెలకు కొంత స్టైపెండ్ అందుతుంది. నేరుగా ఉద్యోగిగా వెళ్లడానికి హెచ్-1బీ ఉంది, విశ్వవిద్యాలయాలకు ఆ వీసాల వార్షిక పరిమితి వర్తించదు కూడా. కాని 2025 సెప్టెంబరులో వెలువడిన అధ్యక్ష ప్రకటన దేశం బయట ఉన్నవారి తరఫున వేసే కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధించింది. ఒక సహాయ కోచ్ కోసం అంత ఖర్చు భరించే కళాశాలను ఊహించడం కష్టం.

దరఖాస్తుకు బీపీఎడ్ లేదా ఎంపీఎడ్ పట్టా, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య లైసెన్సు, ఆంగ్ల పరీక్ష మార్కులు కావాలి. వీటితో పాటు మీరు స్వయంగా నడిపిన ఒక శిక్షణ తరగతి వీడియో పంపడం ఎంతో ఉపయోగపడుతుంది. అందులో గోల్స్ కంటే మీ మాట, మీ నిలబడే చోటు, తప్పు జరిగినప్పుడు ఆటను ఆపి మీరు సరిదిద్దే తీరు స్పష్టంగా కనిపించాలి, ఎందుకంటే హెడ్ కోచ్ చూసేది వాటినే. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగే ఏజెంట్లను దగ్గరకు రానివ్వకండి. ఇటువంటి ఖాళీలను కళాశాలలు తమ వెబ్‌సైట్లలోనే ప్రకటిస్తాయి, విద్యార్థి వీసాకు ఆధారమైన ఐ-20 పత్రాన్ని అధికారం ఉన్న విద్యాసంస్థ తప్ప మరెవరూ ఇవ్వలేరు. ఆ పత్రం వచ్చాక సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు నమోదు చేసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) రుసుము 350 డాలర్లు, వీసా రుసుము వేర్వేరుగా చెల్లించి, హైదరాబాదు కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు హాజరు కావాలి.

కోర్సు ఎంచుకునేటప్పుడే చదువు పూర్తయ్యాక ఏమిటన్నది కూడా ఆలోచించాలి. చదువు తర్వాత పనిచేయడానికి ఓపీటీ కింద 12 నెలల అనుమతి లభిస్తుంది. సాంకేతిక, విజ్ఞాన శాస్త్రాల జాబితాలో ఉన్న కోర్సులకు మరో 24 నెలలు పొడిగింపు దొరుకుతుంది. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ ఆ జాబితాలో లేదు. వ్యాయామ శరీరధర్మ శాస్త్రం వంటి కోర్సుల విషయంలో ఐ-20 మీద ముద్రించే ఆరు అంకెల కోర్సు కోడ్‌ను బట్టి అర్హత తేలుతుంది. పేర్లు ఒకేలా ఉన్న రెండు కోర్సులకు రెండు వేర్వేరు కోడ్‌లు ఉండవచ్చు కాబట్టి, ప్రవేశం ఖాయం చేసుకునే ముందే ఆ సంఖ్యను విశ్వవిద్యాలయాన్ని అడిగి తెలుసుకోండి.

తేదీల విషయంలో ఎక్కువ జాగ్రత్త అవసరం. కళాశాల సాకర్ ప్రధాన సీజన్ ఆగస్టు చివరి నుంచి నవంబరు వరకు సాగుతుంది, దానికి ముందు జరిగే ప్రీ సీజన్ శిక్షణ ఆగస్టు మొదట్లోనే ఆరంభమవుతుంది. తరగతులు మాత్రం సాధారణంగా ఆగస్టు మూడు, నాలుగు వారాల్లో మొదలవుతాయి. ఎఫ్-1 మీద ఐ-20లో ఉన్న ప్రారంభ తేదీకి 30 రోజుల ముందు నుంచి మాత్రమే దేశంలోకి రానిస్తారు, ప్రాంగణంలో ఉద్యోగాన్ని కూడా తరగతులకు 30 రోజుల ముందు నుంచే మొదలుపెట్టవచ్చు. అందువల్ల హెడ్ కోచ్ చెప్పే చేరిక తేదీ, అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం రాసే తేదీ ఒకదానికొకటి పొసగుతున్నాయో లేదో మే నెలలోనే ఈమెయిల్ ద్వారా ఇద్దరినీ కలిపి అడిగి, జవాబును దాచుకోండి. క్రీడా విభాగం వారికి వీసా నియమాలు తెలిసి ఉంటాయని అనుకోవడం పొరపాటు.

ఈ ప్రయాణ కాలం గోదావరికి వరదలు వచ్చే కాలం కూడా. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది జారీ చేస్తారు. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల మధ్య లంక గ్రామాల వారికి ఈ అంకెలు కొత్త కాదు, కాజ్‌వేలు మునిగితే పడవ తప్ప దారి లేదని వారికి తెలుసు. అటువంటి ఊళ్ల నుంచి బయలుదేరేవారు విమానం తేదీకి వారం ముందే పాస్‌పోర్టు, ఐ-20, సర్టిఫికెట్ల అసలు ప్రతులతో హైదరాబాదు చేరుకోవడం మంచిది. భద్రాచలం దగ్గర నీరు పెరుగుతోందని వార్త రాగానే కదలాలి, మొదటి హెచ్చరిక కోసం ఎదురుచూడకూడదు.

పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు రెండు గడుల్లోనూ సరిగ్గా నింపి ఉన్నాయేమో చూసుకోండి. పేరంతా ఒకే గడిలో ఉంటే వీసా మీద రెండో గడిలో పేరు తెలియదన్న అర్థంలో ఎఫ్ఎన్‌యూ అనే అక్షరాలు పడతాయి. జీతం, బ్యాంకు, డ్రైవింగ్ లైసెన్సు అన్నిచోట్లా అవే వెంటాడుతాయి. తట్టు, గవదబిళ్లల టీకాల ధ్రువపత్రం, క్షయ పరీక్ష ఫలితం చాలా విశ్వవిద్యాలయాలు అడుగుతాయి. ప్రథమ చికిత్స, గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్‌లలో శిక్షణ ఇక్కడే పొందితే అక్కడ మళ్లీ సర్టిఫికెట్ తీసుకోవడం సులభమవుతుంది.

ఎవరి చేతిలో ఏముంది

చేరిన వారంలోనే కలవవలసిన వారు ముగ్గురున్నారు. నిబంధనల అమలు చూసే కంప్లయన్స్ అధికారి, జట్టు ఆరోగ్యం చూసే అథ్లెటిక్ ట్రైనర్, ఆటగాళ్ల చదువు చూసే అకడమిక్ అడ్వైజర్. హెడ్ కోచ్ పరిచయం చేస్తారులే అని ఆగకుండా మీరే వెళ్లి, నా పనిలో మీ అనుమతి ఎక్కడెక్కడ కావాలి అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతోనే మీ మీద వారికి నమ్మకం ఏర్పడుతుంది.

అమెరికా కళాశాల క్రీడల్లో పెద్ద సంస్థ ఎన్‌సీఏఏ. 1906లో పుట్టిన ఈ సంస్థలో మూడు డివిజన్లున్నాయి, మూడో డివిజన్ కళాశాలలు క్రీడా స్కాలర్‌షిప్పులు ఇవ్వవు. దీనికి వెలుపల ఎన్‌ఏఐఏ అనే మరో సంస్థ, రెండేళ్ల కళాశాలలకు ప్రత్యేక సంస్థ ఉన్నాయి. మీ కళాశాల ఏ సంస్థలో, ఏ డివిజన్‌లో ఉందో దాన్ని బట్టి నిబంధనలు మారుతాయి కాబట్టి వేరే కళాశాలలో ఉన్న స్నేహితుడి మాటను మీకు వర్తింపజేసుకోవద్దు.

మొదటి, రెండో డివిజన్లలో సీజన్ జరుగుతున్నప్పుడు ఆటగాళ్ల శిక్షణ సమయం వారానికి 20 గంటలు, రోజుకు 4 గంటలు మించకూడదు, వారంలో ఒక రోజు పూర్తి సెలవు ఇవ్వాలి. మ్యాచ్ రోజును ఎంతసేపు ఆడినా 3 గంటలుగా లెక్కిస్తారు. సీజన్ లేనప్పుడు ఈ పరిమితి వారానికి 8 గంటలు. మన దగ్గర అంతర్ కళాశాల పోటీలకు పది రోజుల ముందు ఉదయం, సాయంత్రం చీకటి పడేదాకా సాధన చేయించడం శ్రద్ధకు గుర్తు, అక్కడ అదే ఉల్లంఘన. వీడియో చూపించడానికి జట్టును తప్పనిసరిగా కూర్చోబెట్టిన సమయం కూడా లెక్కలోకి వస్తుంది. గంటల చిట్టా రాసే పని సాధారణంగా కొత్త సహాయ కోచ్‌కే అప్పగిస్తారు కాబట్టి, రాత్రి పడుకునే ముందు ఆ రోజు గంటలను రాసేయడం అలవాటు చేసుకోండి.

ఆటగాళ్ల గంటలకు తోడు మీ గంటలకూ పరిమితి ఉంది. చదువు జరుగుతున్న రోజుల్లో ఎఫ్-1 విద్యార్థి ప్రాంగణంలో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. కోచింగ్ పని ఎంత చేసినా తరగనిది. మ్యాచ్‌ల కోసం ప్రయాణాలు, వీడియో కత్తిరింపులు, సామగ్రి లెక్కలు, కొత్త ఆటగాళ్ల అన్వేషణ అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. మిగిలిన గంటలు ఉచితంగా చేస్తాను అని ఉత్సాహంతో ఒప్పుకోవడం మీ వీసాకే ప్రమాదం, ఎందుకంటే జీతం ఇచ్చే పనినే ఉచితంగా చేసినంత మాత్రాన అది పని కాకుండా పోదు. ఆదివారాలు పిల్లల క్లబ్బుల్లో శిక్షణ ఇస్తే నగదు ఇస్తామని కూడా చాలామంది అడుగుతారు. ప్రాంగణం బయట అనుమతి లేని పని ఎఫ్-1 మీద నిషిద్ధం. ఇంటికి పంపే డబ్బు కోసం మనసు లాగుతుందని నాకు తెలుసు, అయినా ఈ విషయంలో మినహాయింపు వద్దని గట్టిగా చెబుతున్నాను.

ఆటగాళ్లకు మీరిచ్చే సాయం మీద కూడా హద్దులున్నాయి. మన ఊళ్లలో మంచి పీడీలు పేద పిల్లలకు సొంత జేబు నుంచి బస్సు ఛార్జీలు, బూట్లు, గుడ్లు, అరటిపళ్లు ఇచ్చి నిలబెట్టిన సంగతి మనందరికీ తెలుసు, దానికి చేతులెత్తి మొక్కాలి. అమెరికాలో మాత్రం కోచ్ ఆటగాడికి అప్పు ఇచ్చినా, బహుమతి కొనిచ్చినా, తన కారును వాడుకోనిచ్చినా ఆ ఆటగాడి అర్హత ప్రశ్నార్థకం కావచ్చు. జట్టును అప్పుడప్పుడు ఇంటికి భోజనానికి పిలవడం వంటివి అనుమతి ఉన్నవే గాని, కంప్లయన్స్ అధికారిని ముందే అడగాలి. అలా పిలిచి పులిహోర వండిపెట్టేటప్పుడు ఎవరికైనా వేరుశనగ పడదేమో కనుక్కోవడం మరవకండి. అక్కడ ఆ అలర్జీ ఉన్న కొందరికి ప్రాణం మీదికి వస్తుంది. మద్యం విషయం ఇంకా కఠినం. చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండాలి, మీ ఆటగాళ్లలో ఎక్కువమందికి అంత వయసు ఉండదు.

చదువు విషయంలో లెక్చరర్‌ను కలిసి హాజరు వేయమని, రెండు మార్కులు కలపమని అడగడం అక్కడ తీవ్రమైన నేరంగా పరిగణిస్తారు. మ్యాచ్ వల్ల తరగతి తప్పుతుందన్న సమాచారం కూడా అడ్వైజర్ ద్వారానే వెళ్లాలి. ఆటగాడు అర్హత నిలుపుకోవడానికి సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లలో నమోదై ఉండాలి, కాబట్టి ఎవరైనా ఒక సబ్జెక్టు మానేస్తున్నానని మాటల్లో అంటే వెంటనే అడ్వైజర్‌కు తెలియజేయండి. తల్లిదండ్రులు ఫోన్ చేసి మార్కులు అడిగితే, 1974 నాటి విద్యా గోప్యత చట్టం కింద విద్యార్థి సమ్మతి లేకుండా చెప్పకూడదు.

అథ్లెటిక్ ట్రైనర్ విషయం ప్రత్యేకంగా చెప్పాలి. గాయపడిన ఆటగాడు తిరిగి మైదానంలోకి రావచ్చా లేదా అన్నది వైద్య సిబ్బంది నిర్ణయం, కోచ్‌కు అందులో మాట లేదు. చివరి ఐదు నిమిషాల్లో ఒక గోల్ వెనకబడి ఉన్నా, ఆ ఆటగాడే నేను బాగున్నాను అని చెప్పినా సరే. లాకుల దగ్గర షట్టర్ ఎత్తవలసింది లస్కరే తప్ప, తన చేను ఎంత ఎండుతున్నా రైతు తానే వెళ్లి తిప్పకూడదన్నది మనకు తెలిసిన పద్ధతే, ఇదీ అటువంటిదే. తలకు దెబ్బ తగిలి కన్‌కషన్ (మెదడు అదరడం వల్ల కలిగే గాయం) అని తేలితే ఆ రోజు ఇక ఆడనివ్వరు. అనుమానం వచ్చిన వెంటనే మీరే ఆటగాడిని బయటకు పిలిచి ట్రైనర్‌కు అప్పగించాలి. తల తిరుగుతోంది అన్న ఆటగాడితో ఏం కాదులే, కాసేపు నడువు అనే మన అలవాటును విమానం ఎక్కే ముందే వదిలేయాలి. ఉరుము వినిపించినా మెరుపు కనిపించినా మైదానం ఖాళీ చేసి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచాకే ఆట మొదలుపెడతారు. పిడుగుపాటు అంటే ఏమిటో తెలిసిన డెల్టా వారికి ఈ నియమం విలువ విడమరచి చెప్పనక్కరలేదు.

ఆటలోనే ఉన్న తేడాలు

ఎన్‌సీఏఏకు సొంత నిబంధనల పుస్తకం ఉంది. గడియారం 45 నుంచి సున్నాకు వెనక్కి నడుస్తుంది, మైదానంలో అందరికీ కనబడుతుంది. అదనపు సమయం రిఫరీ మనసులో ఉండదు. మొదటి అర్ధభాగంలో బయటకు వచ్చిన ఆటగాడు ఆ అర్ధభాగంలో తిరిగి వెళ్లకూడదు, రెండో అర్ధభాగంలో మాత్రం ఒకసారి తిరిగి వెళ్లవచ్చు. 2022 నుంచి సాధారణ సీజన్‌లో ఓవర్‌టైమ్ తీసేశారు, సమంగా ముగిస్తే డ్రానే. మార్పిడులకు ఇంత వెసులుబాటు ఉండడం వల్ల ఆట వేగంగా, శరీర బలం మీద ఎక్కువ ఆధారపడి సాగుతుంది. తాజా కాళ్లతో ముగ్గురు ఒకేసారి దిగి ఒత్తిడి చేసే పదిహేను నిమిషాలను ముందే ఊహించుకుని ప్రణాళిక వేయాలి. హెడ్ కోచ్ మిమ్మల్ని మొదట అడిగే పనుల్లో ఈ మార్పిడుల పట్టిక ఒకటి కావచ్చు.

సీజన్ స్వరూపం కూడా వేరు. మన అంతర్ కళాశాల పోటీలు కొద్ది రోజుల్లో నాకౌట్ పద్ధతిలో ముగిసిపోతాయి. అక్కడ మూడు నెలల పాటు వారానికి రెండు మ్యాచ్‌లు సర్వసాధారణం, మధ్యలో గంటల తరబడి బస్సు ప్రయాణాలుంటాయి. కాబట్టి శిక్షణ కంటే కోలుకోవడం మీద ఎక్కువ ఆలోచించవలసి వస్తుంది, మ్యాచ్ మర్నాడు పరుగులు పెట్టించే పద్ధతి అక్కడ చెల్లదు. మైదానాలు చాలాచోట్ల కృత్రిమ గడ్డివి. వరి కోసిన చేలలోనూ, వాన పడితే జారే నల్లరేగడి మైదానాల్లోనూ నేర్చుకున్న మనకు బంతి అంత సమంగా, అంత వేగంగా దొర్లడం కొత్తగా ఉంటుంది. మొదటి వారం సాయంత్రాలు మీరే ఒంటరిగా ఆ గడ్డి మీద పాస్‌లు వేసి చూడండి. పాస్ బరువు అర్థం కాకుండా ఇతరులకు చెప్పలేరు.

వీడియో విశ్లేషణ సహాయ కోచ్ రోజువారీ పనిలో పెద్ద భాగం. హడల్ అనే సాఫ్ట్‌వేర్‌ను చాలా కళాశాలలు వాడుతున్నాయి, వెళ్లేలోపు ఏదో ఒక వీడియో సాఫ్ట్‌వేర్‌లో మ్యాచ్‌ను ముక్కలు చేసి గుర్తులు పెట్టడం నేర్చుకోండి. ఈ పని బాగా వచ్చినవారి యాస ఎలా ఉన్నా జట్టు సమావేశంలో వారి మాటకు విలువ ఉంటుంది.

ఆటగాళ్లతో, తోటి కోచ్‌లతో

అక్కడి ఆటగాడు మీ కళ్లలోకి సూటిగా చూసి, ఈ కసరత్తు ఎందుకు చేస్తున్నాం కోచ్ అని అడుగుతాడు. సార్ ముందు తల దించుకుని నిలబడే పిల్లలకు అలవాటుపడిన మనకు ఇది ధిక్కారంలా అనిపించవచ్చు. అతను కారణం అడుగుతున్నాడు, అంతే. ఎడమ పక్క నుంచి బంతి పోగొట్టుకున్నప్పుడు మొదటి ఐదు సెకన్లు ఎవరెక్కడ ఉండాలో ఇందులో నేర్చుకుంటాం అని ఒక వాక్యంలో చెప్పగలిగితే అతను మనసు పెట్టి చేస్తాడు. చెప్పలేకపోతే ఆ కసరత్తును మీరు సరిగ్గా ఆలోచించలేదనే అనుకోవాలి. ప్రతి శిక్షణ తరగతికీ ఒక కాగితం మీద ఉద్దేశం, సమయం, మైదానం కొలతలు, చెప్పవలసిన మూడు మాటలు రాసుకుని వెళ్లండి. ఆంగ్లంలో తడబాటు ఉన్నవారికి ఈ కాగితం ఎంతో అండ. సుదీర్ఘమైన ఉపన్యాసం కంటే చిన్న వాక్యం, దాని వెంట మీరే చేసి చూపించడం ఎక్కువ పనిచేస్తాయి.

1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో భారత జట్టుకు స్వర్ణం తెచ్చిపెట్టిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదులో బడిపంతులు. బోధించడం తెలిసినవాడే శిక్షకుడు కాగలడన్న నమ్మకానికి నాకు ఆయన జీవితమే ఆధారం, వ్యాయామ విద్య బోధన నేర్చి వెళ్లే మన పిల్లలకు అది అక్కడా అక్కరకొస్తుంది.

చేయి వేయడం, చెవి మెలిపెట్టడం, తిట్టడం, శిక్షగా గుంజీలు తీయించడం ఏవీ కుదరవు. ప్రేమతో భుజం తట్టడానికి కూడా ఎదుటివారి అలవాటు తెలిసేదాకా ఆగడం మంచిది, నిలబడే తీరు సరిదిద్దాలంటే ముట్టుకోవచ్చా అని అడగండి. క్రీడల్లోనూ విద్యలోనూ లింగ వివక్షను నిషేధించిన టైటిల్ నైన్ చట్టం 1972లో వచ్చింది. ఆ చట్టం చలవతో మహిళల సాకర్ అక్కడ ఎంతో ఎదిగింది, మొదటి డివిజన్‌లో పురుషుల జట్ల కంటే మహిళల జట్లే ఎక్కువ. మీకు మహిళల జట్టులోనే అవకాశం రావచ్చు. ఒంటరిగా మాట్లాడవలసి వస్తే తలుపు తెరిచి ఉంచడం, సందేశాలు మరో కోచ్ కూడా చూసేలా పంపడం, దుస్తులు మార్చుకునే గది వైపు వెళ్లకపోవడం ఇరువురికీ రక్షణ. వేధింపు గురించి ఎవరైనా మీతో చెప్పుకుంటే, ఎవరికీ చెప్పను అని మాట ఇవ్వకండి. కోచ్‌గా మీరు దాన్ని సంబంధిత కార్యాలయానికి తెలియజేయాలి, ఆ సంగతి విద్యార్థికి ముందే సౌమ్యంగా చెప్పాలి.

హెడ్ కోచ్‌తో మొదటి సీజన్‌లో అభిప్రాయభేదాలు రాకమానవు. ఆయనను పేరుతో పిలవమంటారు, సమావేశంలో మీ అభిప్రాయం అడుగుతారు. మౌనంగా తల ఊపితే వినయం అనుకోరు, అభిప్రాయం లేదనుకుంటారు. అందువల్ల గదిలో ఉన్నప్పుడు మీరు చూసినది స్పష్టంగా చెప్పండి, నిర్ణయం అయిపోయాక మైదానంలో ఆ నిర్ణయాన్నే మీదిగా అమలు చేయండి. మొదటి సీజన్‌లో జట్టు ఆడే పద్ధతిని మార్చాలని ప్రయత్నించవద్దు. కార్నర్ కిక్కులు గాని, గోల్‌కీపర్ సన్నాహాలు గాని, ఏదో ఒక చిన్న బాధ్యతను పూర్తిగా మీ చేతికి ఇమ్మని అడిగి దాన్ని బాగా చేయడం మేలు.

డబ్బు, తిండి, చలి

జీతానికి, పన్నులకు అవసరమైన సోషల్ సెక్యూరిటీ నంబరు రావడానికి, మొదటి స్టైపెండ్ పడడానికి కొన్ని వారాలు పడుతుంది. కనీసం రెండు నెలల ఖర్చు ఫారెక్స్ కార్డులో ఉంచుకోండి, నోట్ల రూపంలో తీసుకెళ్లడానికి 3,000 డాలర్ల పరిమితి ఉంది. విద్యార్థి వీసాపై మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సాధారణంగా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు కోయకూడదు. పొరపాటున కోస్తే జీతాల విభాగానికి చెప్పి తిరిగి తీసుకోవచ్చు. భారత విద్యార్థులకు రెండు దేశాల పన్ను ఒప్పందం 21వ అధికరణం కింద స్టాండర్డ్ డిడక్షన్ కూడా లభిస్తుంది, పన్ను పత్రం నింపేటప్పుడు చాలామంది దీన్ని వదిలేస్తున్నారు.

సామానులో కోడి, మేక మాంసం పచ్చళ్లు పెట్టవద్దు, మాంసంతో చేసిన పదార్థాలను విమానాశ్రయంలోనే తీసేస్తారు. ఆవకాయ, గోంగూర, పొడులు, పూతరేకులు వంటివి ఉంటే కస్టమ్స్ పత్రంలో తప్పక ప్రకటించండి. ప్రకటించకపోతే జరిమానా పడుతుంది. వంటింట్లో తాలింపు పొగకే పొగ హెచ్చరిక గంట మోగుతుంది కాబట్టి కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి వండండి. ఆటగాళ్లను తీసుకెళ్లే వాహనం నడపమంటే ఆ రాష్ట్ర లైసెన్సు వచ్చేదాకా ఒప్పుకోవద్దు.

మన ఉక్కపోతకు అలవాటుపడినవారికి దక్షిణ రాష్ట్రాల ఆగస్టు ఎండ పెద్ద కష్టం కాదు. ఉత్తరాన అక్టోబరు చివరి నుంచి వచ్చే చలిలో రెండు గంటలు కదలకుండా నిలబడడమే కష్టం. ఆటగాళ్లు పరుగెడుతూ వెచ్చగా ఉంటారు, కోచ్ నిలబడి వణుకుతాడు. ఒంటికి అంటుకునే ఉన్ని లోపలి దుస్తులు, నీరు లోనికి పోని బూట్లు, వేళ్లు కదిలేంత పలుచని చేతి తొడుగులు కావాలి. వీటిని ఇక్కడ కొనవద్దు, అక్కడి చలికి తగినవి అక్కడే దొరుకుతాయి.

ఇంటితో సంబంధం, రెండో ఏడాది

సీజన్‌లో తూర్పు రాష్ట్రాల్లో రాత్రి తొమ్మిది అయినప్పుడు మన ఊళ్లో ఉదయం ఆరున్నర. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారం గంట వెనక్కి జరుపుతారు కాబట్టి అప్పటి నుంచి ఏడున్నర. అమ్మ పొయ్యి దగ్గర ఉండే ఆ సమయాన్ని ఒక అలవాటుగా పెట్టుకుంటే రెండు వైపులా నిశ్చింత. దసరా, దీపావళి సీజన్ మధ్యలో పడతాయి, సెలవు ఆశించకండి. సంక్రాంతికి రావాలని ఇంట్లో పట్టుబడతారు గాని జనవరి రెండో వారానికి చాలా కళాశాలలు తెరుచుకుని ఉంటాయి. సీజన్ ముగిశాక డిసెంబరు మధ్య నుంచి జనవరి మొదటి వారం దాకా వచ్చి వెళ్లడమే కుదిరే మార్గం. బయలుదేరే ముందు ఐ-20 మీద ప్రయాణానికి అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం చేసే సంతకం ఏడాది లోపుదేనా, వీసా గడువు ఉందా చూసుకోండి.

తిరిగి వెళ్లిన తర్వాత, వసంతకాల శిక్షణ మొదలయ్యేలోపు హెడ్ కోచ్‌ను మీ పనితీరు మీద రాతపూర్వకమైన అభిప్రాయం అడగండి. అసిస్టెంట్‌షిప్పును రెండో ఏడాదికి పొడిగిస్తారా అన్నది ఆ మాటల్లోనే తేలుతుంది. అమెరికా సాకర్ సమాఖ్య లైసెన్సు కోర్సుల్లో చేరడానికి క్రీడా విభాగం ఖర్చు భరిస్తుందేమో అదే సమావేశంలో అడగవచ్చు. చదువు ముగిసే ఏడాదిలో ఓపీటీ దరఖాస్తును కోర్సు పూర్తయ్యే తేదీకి 90 రోజుల ముందు నుంచి పంపవచ్చు, మే నెలలో పట్టా పొందేవారు ఫిబ్రవరిలోనే పత్రాలు సిద్ధం చేసుకోవాలి. ఆగస్టు ప్రీ సీజన్‌కు కోచ్‌లను తీసుకునే కళాశాలలు వేసవిలోపే తమ నిర్ణయాలు తీసుకుంటాయి, ఓపీటీ పని అనుమతి కార్డు చేతికి రావడానికి కొన్ని నెలలు పట్టవచ్చు.